బుధుడి మీద నడక: సైన్స్ ఫిక్షన్‌లో లెక్కా, ఊహా
(సైన్స్ ఫిక్షన్ రచనా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

జూల్స్ వెర్న్ 1865లో తన నవలలో ముగ్గురు మనుషుల్ని ఒక ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి వైపు పేల్పించాడు. హెచ్.జి. వెల్స్ 1901లో ఇద్దరిని అక్కడికే పంపాడు గాని, ఫిరంగి జోలికి పోలేదు. గురుత్వాకర్షణను అడ్డుకునే ఒక పదార్థాన్ని కల్పించాడు. దానితో చేసిన తెరల్ని ఒక గోళానికి బిగించాడు. తెర మూస్తే గోళం తేలుతుంది, తెరిస్తే ఆ వైపున్న భూమో చంద్రుడో దాన్ని లాక్కుంటుంది. ఈ పద్ధతి వెర్న్‌కి నచ్చలేదు. తాను భౌతికశాస్త్రాన్ని వాడుకుంటున్నాననీ, వెల్స్ ఉత్తినే కల్పిస్తున్నాడనీ బాహాటంగానే అన్నాడు. మనం ఇవాళ మాట్లాడుకోబోయే తగువు అప్పటినుంచీ ఉన్నదే.

ముందు వెర్న్ ఫిరంగి లెక్క చూద్దాం. దాని పొడవు 900 అడుగులు, అంటే సుమారు 274 మీటర్లు. భూమిని వదిలి వెళ్ళాలంటే సెకనుకు 11 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగమంతా గొట్టం దాటేలోపే రావాలి. వేగాన్ని వర్గం చేసి, పొడవుకు రెట్టింపుతో భాగించండి. భూమ్యాకర్షణకు 20 వేల రెట్లకు పైగా త్వరణం వస్తుంది. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 1,400 టన్నులకు పైగా బరువు తూగుతాడు. కుదుపు తగ్గడానికి వెర్న్ గుండు అడుగున నీళ్ళు పెట్టించాడు, చెక్క పలకలు అమర్చాడు. ఆ త్వరణం ముందు అవి ఏ మూలకూ రావు. ప్రయాణికులు గొట్టంలోనే చనిపోతారు.

వెల్స్ పదార్థం మరీ అసాధ్యం. అలాంటిది నిజంగా ఉంటే, ఒక చక్రంలో సగం దాని మీదికి వచ్చేలా పెడితే చాలు, చక్రం ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. శక్తి నిత్యత్వ నియమం అక్కడే కూలిపోతుంది. కానీ ఆయన కథలో ఒక పని చేశాడు. ఆ పదార్థపు పలకను మొదటిసారి తయారు చేసినప్పుడు, దాని పైనున్న గాలికి బరువు పోతుంది. పక్కనున్న గాలి దాన్ని పైకి తోసేస్తుంది. అది పెద్ద తుపానులా లేచి చుట్టుపక్కల ఇళ్ళను ధ్వంసం చేస్తుంది. అంటే తాను ఆడిన అబద్ధం నిజమైతే తర్వాత ఏం జరగాలో వెల్స్ ఆలోచించాడు. పదార్థం మనుషుల్ని మాత్రమే తేల్చి, గాలిని వదిలేస్తుందని రాయలేదు.

ఆ రెండు కథలూ ఇప్పటికీ చదువుతున్నారు. సైన్స్‌లో ఒకటి గెలిచింది, ఇంకోటి ఓడింది అని నేను చెప్పడం లేదు. పాఠకుడు కథను నమ్మేది అందులో ఎన్ని వాస్తవాలున్నాయని లెక్కపెట్టి కాదని నా అభిప్రాయం. మూల ఊహకు రచయిత ఎంతవరకు కట్టుబడ్డాడన్నదే అతను చూస్తాడు. అందుకే సైన్స్ ఒక చేత్తో, ఊహ ఇంకో చేత్తో పట్టుకుని సమంగా తూచాలన్న మాట నాకు ఒప్పదు. లెక్క ఊహకు అడ్డు తగిలినప్పుడు చాలామంది లెక్కను పక్కన పెట్టేస్తారు, లేదా ఊహను వదిలేస్తారు. నేను మిమ్మల్ని అక్కడే ఆగి కాసేపు తవ్వమంటాను. కథకు కావలసిన ఇరకాటం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ఇక పనిలోకి వద్దాం.

కథ మొదలుపెట్టే ముందు మూల ఊహను ఒక్క వాక్యంలో రాయండి. 'ఒకవేళ' అని మొదలుపెట్టండి. ఒకవేళ మనుషుల్ని 100 ఏళ్ళు నిద్రపుచ్చగలిగితే. ఒకవేళ ఆలోచనకంటే వేగంగా ప్రయాణించగలిగితే. వాక్యంలో రెండు 'ఒకవేళ'లు వస్తే, ఒకటి తీసేయగలరేమో చూడండి. తర్వాత ఆ ఊహ ఏ కోవలోకి వస్తుందో నిజాయతీగా తేల్చుకోండి. తెలిసిన నియమాలు ఒప్పుకుంటాయి గాని ఇంకా ఎవరూ కట్టలేదు: పెద్ద తిరిగే అంతరిక్ష కేంద్రం ఇలాంటిది. ఒప్పుకుంటాయో లేదో ఇంకా ఎవరికీ తెలియదు: మనిషిని దశాబ్దాలపాటు నిద్రాణంగా ఉంచడం ఇలాంటిది. తెలిసిన నియమాలకు నేరుగా విరుద్ధం: కాంతిని మించిన వేగం ఇలాంటిది.

మూడో కోవ నిషిద్ధమని కాదు. దాన్ని వాడుకుంటే దాని ధర తెలిసి వాడుకోవాలి. కాంతివేగాన్ని మించడం అంటే వేగ పరిమితిని కాస్త దాటడం అనుకుంటారు చాలామంది. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం, కాంతికంటే వేగంగా కబురు పంపగలిగితే, తగిన వేగంతో కదిలే ఇద్దరు పరిశీలకుల మధ్య ఆ కబురు బయల్దేరకముందే చేరేలా ఏర్పాటు చేయొచ్చు. అంటే మీ కథలో అతివేగ నౌక ఉందంటే, కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రం కూడా ఉన్నట్టే. దాని గురించి కథలో ఒక్క ముక్క కూడా రాయకపోవచ్చు. మీకు మాత్రం తెలిసుండాలి. ఎందుకు దాన్ని ఎవరూ వాడటం లేదో మీ దగ్గర ఒక కారణం ఉండాలి.

ఇక్కడ ఇంకో మాట. అబద్ధపు యంత్రం ఎలా పనిచేస్తుందో ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అది ఏం చేయలేదో మాత్రం ఎంత ఎక్కువ చెబితే అంత మంచిది. ఒక పేజీడు క్వాంటం మాటలు రాస్తే ప్రతి వాక్యమూ తప్పు పట్టడానికి ఒక చోటవుతుంది. ముఖ్యంగా క్వాంటం చిక్కుముడితో, అంటే దూరంగా ఉన్నా కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే రెండు కణాలతో, తక్షణం సందేశాలు పంపినట్టు రాస్తారు. ఆ చిక్కుముడి ద్వారా సమాచారం కాంతిని మించి పోదు. రెండు చివరలా కొలిచినవాళ్ళకు కనబడేది యాదృచ్ఛిక ఫలితాలే. మామూలు దారిలో కబురు పంపుకుని పోల్చి చూసుకున్నాకే వాటిమధ్య సంబంధం తెలుస్తుంది. దానికి బదులు 'ఈ యంత్రం రోజుకు ఒక్కసారే పనిచేస్తుంది, ఒక్క మనిషినే తీసుకెళ్తుంది, ఇనుము ఉంటే పనిచేయదు' అని రాయండి. మూడు పరిమితులతో మూడు సన్నివేశాలు పుడతాయి. కథ ముగింపులో యంత్రానికి అప్పటిదాకా లేని శక్తి వచ్చి నాయకుణ్ణి కాపాడితే, సైన్స్ తెలియని పాఠకుడు కూడా పుస్తకం మూసేస్తాడు.

ఇప్పుడు అంకెల పేజీ. ప్రతి కథకూ ఒక కాగితం పెట్టుకోండి. దూరం, ప్రయాణ కాలం, కబురు చేరే కాలం, బరువు, శక్తి, గురుత్వాకర్షణ, పగటి పొడవు రాసుకోండి. దశాంశాలు అక్కర్లేదు. పదుల్లోనా, వేలల్లోనా, కోట్లలోనా అన్నది తెలిస్తే చాలు. ఈ కాగితం పాఠకుడికి చూపించడానికి కాదు, ప్లాట్ కోసం.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపిస్తాను. అంతరిక్ష కేంద్రాన్ని గుండ్రంగా తిప్పి, అంచున ఉన్నవాళ్ళకు భూమి మీదలా బరువు ఉండేలా చేయాలి. త్వరణం అంటే భ్రమణ వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతో గుణించడం. వ్యాసార్ధం 10 మీటర్లే పెట్టారనుకోండి. అది నిమిషానికి సుమారు తొమ్మిదిన్నర చుట్లు తిరగాలి. ప్రతి 6 సెకన్లకు ఒక చుట్టు. పాదాల దగ్గర పూర్తి బరువు ఉంటే, నిలబడ్డ మనిషి తల దగ్గర అందులో 83 శాతమే ఉంటుంది. తల తిప్పితే చెవిలోని ద్రవం ఇంకో దిక్కుకు పోయి వాంతి వస్తుంది. నీళ్ళు వంపితే ధార పక్కకు వంగుతుంది.

ఇంకా ఉంది. అంచు కదిలే వేగం సెకనుకు 10 మీటర్లు. మనిషి మామూలుగా పరిగెత్తితే సెకనుకు 5 మీటర్లు. కేంద్రం తిరిగే దిక్కుకు ఎదురుగా పరిగెత్తితే అతని బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. తిరిగే దిక్కులోనే పరిగెత్తితే రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. ఒలింపిక్ స్థాయి పరుగువీరుడు ఎదురుగా పరిగెత్తితే గాల్లోకి తేలిపోతాడు. ఇప్పుడు ఆ కేంద్రంలో ఒకడు పారిపోతున్నాడు, ఇంకొకడు తరుముతున్నాడు అనుకోండి. ఎటువైపు పరిగెత్తాలన్నదే ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం. అక్కడ పుట్టి పెరిగినవాడికి అది ఒంట్లో ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి తెలియదు. ఈ సన్నివేశం లెక్క వేయకుండా ఎవరికీ తోచదు. మీకు ఇవేవీ వద్దు, హాయిగా ఉండే కేంద్రం కావాలంటే నిమిషానికి 2 చుట్లకు మించకుండా చూసుకోండి. అప్పుడు వ్యాసార్ధం 224 మీటర్లు కావాలి. దాన్ని ఎవరు కట్టారు, డబ్బెవరు పెట్టారు అన్న ప్రశ్నలు వెంటనే వస్తాయి. అవీ కథలే.

కబురు ఆలస్యం కూడా ఇంతే. చంద్రుడి దగ్గరికి కాంతి 1.3 సెకన్లలో చేరుతుంది. అడిగిన మాటకు జవాబు రెండున్నర సెకన్ల తర్వాత వస్తుంది. ఇద్దరు పోట్లాడుకుంటుంటే ఆ రెండున్నర సెకన్ల మౌనం ఏం చేస్తుందో ఊహించండి. కుజుడికి 3 నిమిషాల నుంచి 22 నిమిషాల దాకా పడుతుంది, గ్రహాలు ఎక్కడున్నాయన్న దాన్నిబట్టి. 2012 ఆగస్టులో క్యూరియాసిటీ రోవర్ కుజుడి మీద దిగినప్పుడు కబురు రావడానికి సుమారు 14 నిమిషాలు పట్టింది. వాతావరణంలోకి ప్రవేశించినప్పటినుంచి నేల తాకడానికి పట్టేది 7 నిమిషాలే. 'ప్రవేశించాను' అన్న సంకేతం భూమికి చేరేసరికి, రోవర్ అప్పటికే 7 నిమిషాలుగా నేల మీద ఉంది, చెక్కుచెదరకుండానో ముక్కలుగానో. కుజుడి కథ రాస్తూ అక్కడి వాళ్ళచేత భూమితో ఫోన్‌లో మాట్లాడిస్తే మీరు ఇంతటి ఉత్కంఠను చేజేతులా పారేసుకున్నట్టే.

వేగం గురించి ఒక్క అంకె. ఒక కిలో బరువున్న వస్తువు కాంతివేగంలో పదో వంతుతో వెళ్తుంటే, దాని గతిశక్తి సుమారు 107 కిలోటన్నుల టీఎన్‌టీ పేలుడుకు సమానం. హిరోషిమా బాంబు 15 కిలోటన్నులు. ఒక్క కిలోకే ఏడు హిరోషిమాలు. వెయ్యి టన్నుల నౌకకైతే, ప్రపంచమంతా ఒక ఏడాదిలో వాడే శక్తిలో ఇంచుమించు ముప్పాతిక భాగం కావాలి. కాబట్టి నక్షత్రాల మధ్య తిరిగే ఏ నౌకైనా, అది ఎంత శాంతియుతమైనదైనా సరే, ఒక గ్రహానికి ప్రాణాంతకమైన ఆయుధమే. దాన్ని నడిపేవాణ్ణి ఎవరు నమ్మాలి? ఏ ప్రభుత్వం లైసెన్సిస్తుంది? సరుకు రవాణా నౌక కెప్టెన్‌కి కోపం వస్తే? ఆ నౌకను వినోదయాత్ర బస్సులా రాసే కథల్లో ఈ ప్రశ్నలేవీ రావు.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. పాఠకుడికి ఇచ్చే అంకె మీ పాత్ర నిజంగా వాడే అంకె అయి ఉండాలి. చావుబతుకుల మధ్య ఉన్న మనిషి 'ఇంకా 40 నిమిషాల గాలి ఉంది' అనుకుంటాడు. ప్రాణవాయువు పీడనాన్ని మూడు దశాంశాలదాకా చెప్పుకోడు. ఎక్కువ దశాంశాలు ఇచ్చిన చోటల్లా తప్పు దొరికే అవకాశం పెరుగుతుంది, భయం తగ్గుతుంది.

పదేపదే కనబడే పొరపాట్లు కొన్ని చెప్పేస్తాను, వీటిమీద ఎక్కువసేపు వద్దు. కాంతి సంవత్సరం దూరం, కాలం కాదు. గ్రహశకలాల వలయంలో రాళ్ళు తప్పించుకుంటూ పోయే నౌక అక్కర్లేదు. అక్కడ పెద్ద శకలాల మధ్య దూరాలు లక్షల కిలోమీటర్లు. 1972లో బయల్దేరిన పయొనీర్ 10 మొదలు ఇప్పటిదాకా పోయిన నౌకలన్నీ నిక్షేపంగా దాటేశాయి. కుజుడి గాలిదుమారం మనుషుల్ని ఎత్తి పడేయదు. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో అరవయ్యో వంతు, గంటకు 100 కిలోమీటర్ల గాలి మీదికొచ్చినా ఇక్కడి 13 కిలోమీటర్ల పిల్లగాలి తోసినట్టే ఉంటుంది. దుమ్ము వల్ల చీకటి పడడం, సౌరఫలకాలు పనిచేయకపోవడం మాత్రం నిజమైన ప్రమాదం. మెదడులో 10 శాతమే వాడుతున్నామన్నది అబద్ధం. దాన్ని పునాదిగా పెట్టుకోకండి. చీమను మనిషంత చేస్తే దాని కాళ్ళు విరుగుతాయి. కొలతను 10 రెట్లు చేస్తే బరువు 1,000 రెట్లు పెరుగుతుంది, కాళ్ళ అడ్డకోత 100 రెట్లే పెరుగుతుంది. అయితే సుమారు 30 కోట్ల ఏళ్ళ కింద, గాల్లో ప్రాణవాయువు ఇప్పటికంటే ఎక్కువున్నప్పుడు, రెక్కల విస్తారం 65 సెంటీమీటర్లకు పైగా ఉన్న తూనీగ లాంటి జీవులు ఉండేవి. కాబట్టి పెద్ద పురుగు కావాలంటే ముందు గాలిని మార్చండి. గాలి మారితే నిప్పు కూడా మారుతుంది, అడవులు ఊరికే తగలబడతాయి. చూశారా, పురుగు కోసం వెళితే అడవి మంటలు దొరికాయి.

వేరే గ్రహపు వైరస్ మనిషికి సోకదు. వైరస్ బతికేది ఆతిథ్యమిచ్చే కణపు యంత్రాంగాన్ని వాడుకుని. ఆ యంత్రాంగం భాష దానికి తెలిసుండాలి. మనిషికీ చెట్టుకూ ఉన్న చుట్టరికం కూడా మనకూ దానికీ ఉండదు. కానీ అక్కడి బూజు లాంటి జీవి మన తేమనూ లవణాల్నీ తిని పెరగవచ్చు, దానికి మన జన్యుభాష అవసరం లేదు. ఆ జీవి విడుదల చేసే రసాయనం మనకు విషం కావచ్చు. అంటువ్యాధి కథ రాయాలనుకున్నవాళ్ళు ఆ దారి చూడండి.

కొన్నిసార్లు తప్పు పట్టేవాళ్ళే తప్పు చేస్తారు. కాలయంత్రంలో నిన్నటికి వెళ్తే భూమి అక్కడ ఉండదు, సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున 26 లక్షల కిలోమీటర్లు జరిగిపోయి ఉంటుంది కాబట్టి శూన్యంలో తేలతారు అని ఒక వాదన ఉంది. సరే, 26 లక్షల కిలోమీటర్లు దేనితో పోలిస్తే? సూర్యుడితో పోలిస్తే. సూర్యుడూ పాలపుంతలో తిరుగుతున్నాడు. విశ్వంలో కదలని గుర్తురాయి ఏదీ లేదు. అందుచేత యంత్రం భూమికి కట్టుబడి ఉంటుందని రాసినా భౌతికశాస్త్రం ఏమీ అనదు. ఇలాంటి చోట రచయితకు పూర్తి స్వేచ్ఛ ఉంది. ఎక్కడ స్వేచ్ఛ ఉందో తెలియడానికి కూడా సైన్స్ తెలియాలి.

ఇప్పుడు వాక్యాల దగ్గరికి వద్దాం. తెలిసిన శాస్త్రవేత్త తెలిసిన ఇంకో శాస్త్రవేత్తకు పాఠం చెప్పే సంభాషణ రాయకండి. ఇద్దరికీ తెలుసు, ఎందుకు చెప్పుకుంటారు? పాఠకుడికి ఆ విషయం తెలుసుకోవాలని అనిపించేదాకా ఆగండి. ముందు తలుపు తెరుచుకోకుండా ఇరుక్కోవాలి, తర్వాత పీడన వ్యత్యాసం గురించి ఒక్క వాక్యం రావాలి.

వాస్తవం ఒంటికి తగిలేలా రాయడం ఇంకా మంచి దారి. కక్ష్యలో బరువు లేని స్థితిలో వేడిగాలి పైకి లేవదు. కొవ్వొత్తి మంట గుండ్రని బంతిలా చిన్నగా నీలంగా వెలుగుతుంది. నిద్రపోతున్న మనిషి వదిలిన గాలి ముఖం దగ్గరే ఉండిపోతుంది. అందుకే వ్యోమగాములు గాలి వీచే చోటు చూసుకుని పడుకుంటారు. ఫ్యాన్ ఆగిందంటే ముందుగా తెలిసేది తలనొప్పితో మెలకువ రావడం వల్ల. కేంద్రంలో ఫ్యాన్ల చప్పుడు ఎప్పుడూ ఉంటుంది. నిశ్శబ్దం అయ్యిందంటే ప్రమాదం. చంద్రుడి దుమ్ము కాల్చిన మందుగుండు వాసన వేసిందని అపోలో వ్యోమగాములు చెప్పారు. ఆ దుమ్మును అరగదీసే గాలీ నీరూ అక్కడ లేవు, అందుకే దాని అంచులు పదునుగా ఉండి స్పేస్‌సూట్ కీళ్ళను కోసేస్తాయి.

శూన్యంలో పడ్డ మనిషి పేలిపోడు, తక్షణం గడ్డకట్టడు. శూన్యం ఫ్లాస్కు గోడలాంటిది, వేడి నెమ్మదిగానే పోతుంది. నౌకలకున్న అసలు సమస్య లోపలి వేడిని బయటికి పంపడం, అందుకే వాటికి పెద్ద రేడియేటర్లు ఉంటాయి. మనిషికి 10 నుంచి 15 సెకన్ల స్పృహ ఉంటుంది. 1966లో హ్యూస్టన్‌లో శూన్య గదిలో స్పేస్‌సూట్ పరీక్షిస్తుండగా గొట్టం ఊడిపోయి జిమ్ లెబ్లాంక్ అనే సాంకేతిక నిపుణుడు సుమారు 14 సెకన్లలో స్పృహ తప్పాడు. గది పీడనం త్వరగా పెంచడంతో బతికాడు. నాలుక మీది ఉమ్మి బుడగలుగా మరగడం ఆఖరిగా గుర్తుందని చెప్పాడు. 14 సెకన్లు అంటే ఎంతో తెలుసా? ఒక మీట దాకా చేతులు చాపి లాగడానికి సరిపోతుంది, అదీ మొదటి ప్రయత్నంలోనే. పేలిపోయే మనిషిని రాస్తే ఒక్క వాక్యంతో అయిపోతుంది. ఈ 14 సెకన్లను రెండు పేజీలు రాయొచ్చు.

ఊహ సైన్స్‌కి తిరిగి ఇచ్చిన సందర్భం కూడా చెప్పాలి. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ తన నవలలో కథానాయికను సుమారు 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వేగా నక్షత్రం దగ్గరికి పంపాలనుకున్నాడు. మొదట కృష్ణబిలం గుండా పంపాడు. 1985లో ఆ భాగాన్ని మిత్రుడు, భౌతిక శాస్త్రవేత్త కిప్ థార్న్‌కి చూపించాడు. కృష్ణబిలం పనికిరాదని థార్న్ చెప్పి, వర్మ్‌హోల్, అంటే అంతరిక్షంలో రెండు దూరపు చోట్లను కలిపే సొరంగం లాంటి అడ్డదారి, సూచించాడు. అది మూసుకుపోకుండా ఉండాలంటే రుణాత్మక శక్తి ఉన్న అసాధారణ పదార్థం కావాలని లెక్క తేలింది. ఆ ప్రశ్న థార్న్‌ను వదల్లేదు. 1988లో మైఖేల్ మోరిస్‌తో కలిసి దాటగల వర్మ్‌హోళ్ళ మీద పరిశోధనా పత్రం ప్రచురించాడు. ఆ తర్వాత ఆ రంగంలో ఎన్నో పరిశోధనలు వచ్చాయి. నవలాకారుడు 'ఇది సాధ్యమేనా' అని అడిగి వదిలేస్తే 'కాదు' అన్న జవాబుతో ఆగిపోయేది. 'మా పాత్ర అక్కడికి చేరాలి, ఏం కావాలి' అన్న ప్రశ్న వల్ల ఒక కొత్త దారి తెరుచుకుంది. మీరు నిపుణుల్ని అడిగేటప్పుడు కూడా ఈ తేడా పాటించండి. సాధ్యమా అని అడక్కండి. ఇది జరిగిందనుకుంటే ముందు ఏది విరుగుతుంది, ఎవరికి ముందు తెలుస్తుంది, దాన్ని ఎలా పసిగడతారు అని అడగండి. ఆ రంగంలో పనిచేసేవాళ్ళు ఉత్సాహంగా గంటసేపు చెబుతారు.

సైన్స్ మారిపోతే ఏం చేయాలని అడుగుతుంటారు. దీనికి బుధుడి కథ చెప్పి తీరాలి.

బుధుడు సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడని చాలాకాలం నమ్మారు. ఒక వైపు నిత్యం మంట, ఇంకో వైపు నిత్యం చీకటి, మధ్యలో సంధ్యారేఖ. ఆ గీత మీద మనుషులు స్థిరపడినట్టు బోలెడు కథలొచ్చాయి. 1965లో అరెసిబో రాడార్ పరిశీలనతో అది తప్పని తేలింది. బుధుడు తన చుట్టూ తాను 59 రోజుల్లో తిరుగుతాడు, సూర్యుడి చుట్టూ 88 రోజుల్లో. అందువల్ల అక్కడ ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి 176 భూమి రోజులు పడుతుంది. కథలన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి.

ఇప్పుడు ఆ కొత్త అంకెల్ని కాగితం మీద పెట్టండి. బుధుడి చుట్టుకొలత సుమారు 15,300 కిలోమీటర్లు. దాన్ని 176 రోజుల గంటలతో భాగించండి. సూర్యోదయపు గీత మధ్యరేఖ దగ్గర గంటకు 3.6 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అది మనిషి నడక వేగం. వెనక 430 డిగ్రీల పగలు, ముందు సున్నాకు దిగువన 180 డిగ్రీల రాత్రి. ఆ రెంటి మధ్య సన్నని కమ్మిలాంటి జాగాలో, ఆగకుండా నడుస్తూ ఒక మనిషి బతకగలడు. ఇంకొంచెం తవ్వండి. బుధుడి కక్ష్య బాగా సాగదీసిన దీర్ఘవృత్తం. సూర్యుడికి దూరంగా ఉన్న రోజుల్లో ఆ గీత వేగం గంటకు 6 కిలోమీటర్లకు చేరుతుంది, దాదాపు పరుగులాంటి నడక. సూర్యుడికి బాగా దగ్గరైనప్పుడు ఆ గీత ఆగిపోతుంది, కొద్ది రోజులు వెనక్కి నడుస్తుంది, మళ్ళీ ముందుకు సాగుతుంది. కొన్ని చోట్ల సూర్యుడు ఉదయించి, అస్తమించి, మళ్ళీ ఉదయిస్తాడు.

నడిచేవాడికి నిద్ర ఎలా? 6 కిలోమీటర్ల వేగమున్న రోజుల్లో 8 గంటలు పడుకుంటే గీత 48 కిలోమీటర్లు జరుగుతుంది. కాబట్టి అంత ముందుగా చేరి పడుకోవాలి. ఇద్దరుంటే ఒకరు లాగుతుంటే ఇంకొకరు బండిలో పడుకోవచ్చు. కాలు బెణికితే? గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతం, మోసుకెళ్ళడం కొంత తేలిక. ధ్రువాల వైపు పోతే గీత నెమ్మదిస్తుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే. మరి అటే పోవచ్చుగా? దారిలో పెద్ద బిలాల అంచులు అడ్డం వస్తాయి. సూర్యుడికి దగ్గరైనప్పుడు గీత ఆగే ఆ కొద్ది రోజులే వాళ్ళకు పండగ, పెళ్ళిళ్ళు, పురుళ్ళు, శవసంస్కారాలు అన్నీ అప్పుడే. ఒక జాతి మొత్తం అలా నడుస్తూ ఉంటే వాళ్ళ భాషలో, చట్టంలో, ముసలివాళ్ళ పట్ల మర్యాదలో ఏమేం మారతాయో చూడండి. కదలని బుధుడి మీద రాసిన కథలకు ఇంత సామగ్రి లేదు. పాత వాస్తవం పోయినందుకు బాధపడేవాళ్ళు కొత్త వాస్తవాన్ని కాగితం మీద పెట్టి చూడకపోవడమే అసలు నష్టం.

మీ కథ అచ్చయ్యాక సైన్స్ మారితే చేయగలిగింది లేదు, మార్చనూ అక్కర్లేదు. అచ్చుకు ముందు, చిత్తుప్రతి దశలో నిపుణుడు తప్పు చూపిస్తే మాత్రం వెంటనే సవరించకండి. ఆ తప్పు తీసేస్తే ప్లాట్‌లో ఏం కూలుతుందో చూడండి. ఏమీ కూలకపోతే సరిదిద్దండి, అరగంట పని. కూలితే, సరైన వాస్తవం కొత్త దారి ఇస్తుందేమో బుధుడి లెక్కలా చేసి చూడండి. సాధారణంగా ఇస్తుంది. ఇవ్వకపోతే, ఆ తప్పును కావాలని ఉంచండి, దాన్నే మీ మూల ఊహగా చేసుకోండి, కథ మొదటి పేజీల్లోనే బయటపెట్టండి. ఒక పెద్ద అబద్ధాన్ని మొదట్లో ఒప్పుకునే పాఠకుడు 200వ పేజీలో చిన్న అబద్ధాన్ని ఒప్పుకోడు. ఇద్దరి చేత చదివించండి, ఆ రంగం తెలిసినవాళ్ళొకరు, ఏమీ తెలియనివాళ్ళొకరు. మొదటివాళ్ళను తప్పుల దగ్గర గీతలు పెట్టమనండి. రెండోవాళ్ళను విసుగు పుట్టిన చోట పెట్టమనండి. రెండు గీతలూ ఒకే పేరా మీద పడితే ఆ పేరా తీసేయండి.

ఇప్పుడు కాగితాలు తీయండి. మూడు సందర్భాలు ఇస్తాను, ఒకటి ఎంచుకోండి. 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగే కేంద్రంలో ఒక దొంగతనం. కుజుడి మీద ఆపరేషన్ చేస్తున్న వైద్యురాలికి భూమి నుంచి 20 నిమిషాల ఆలస్యంతో సలహా. బుధుడి మీద కాలు విరిగిన మనిషి. కథ రాయొద్దు, అంకెల పేజీ ఒక్కటే రాయండి. ఆ అంకెల్లో మీ పాత్రకు అడ్డొచ్చేదాని కింద గీత గీయండి. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడినుంచి తెచ్చారో, ఎలా లెక్క కట్టారో రాయండి. గంటన్నర టైముంది. మధ్యాహ్నం ఒక్కొక్కరి పేజీ తీసుకుని, గీసిన గీత దగ్గరినుంచి మొదటి సన్నివేశం కడదాం.